మూతబడ్డ ఫ్యాక్టరీల నేలను ముందు పరీక్షించండి, ఆ డబ్బు సర్కారే పెట్టాలి

నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు, ఆర్థిక శాఖకు

అయ్యా, అమ్మా,

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి చిట్యాల, నార్కట్‌పల్లి దాకా, బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ దాటి బాలానగర్, జడ్చర్ల దాకా మూతబడ్డ ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. గేటుకు బ్యాంకు నోటీసు, లోపల రేకుల ఎత్తున సర్కారు తుమ్మ. రోడ్డు, కరెంటు లైను, ప్రహరీ అన్నీ ఉన్నా ఆ భూమి ఎవరికీ అక్కరకు రావడం లేదు. కొత్త యూనిట్లకు స్థలం కావాలంటే మాత్రం మళ్లీ రైతు చల్కా మీదికే పోతున్నాం. కారణం ఒక్కటే, ఆ నేల కింద ఏముందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి డబ్బు పెట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

మేం అడిగేది శుభ్రం చేసే ఖర్చు కాదు. ఆ ఖర్చు పాడు చేసినవాడిదే. 1996లో రాజస్థాన్‌లోని బిచ్చడి గ్రామ కాలుష్య కేసులో సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది, 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం దాన్ని సెక్షన్‌గానే రాసుకుంది. మేం అడిగేది అంతకు ముందు మెట్టు గురించి. మట్టి తీసి, నీళ్లు తోడి, ల్యాబుకు పంపి, ఫలానా చోట ఫలానా విషం ఇంత లోతున ఉందని పటం గీసే పనికి జిల్లా స్థాయిలో ఒక నిధి పెట్టండి. ఆ డబ్బు ముందు ప్రభుత్వమే పెట్టి, తర్వాత బాధ్యుల నుంచి రాబట్టుకోవాలి.

ముందు ఎందుకు పెట్టాలో చెబుతాం. 2025 జులై 24న కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు నోటిఫై చేసింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ ఆరు నెలలకోసారి ఇవ్వాలి. జాబితా అందాక 90 రోజుల్లో కాలుష్య మండలి ప్రాథమిక పరిశీలన చేయాలి, ఆపైన మూడు నెలల్లో వివరమైన సర్వే ముగించాలి. పాడు చేసినవారు ఎవరో తేల్చడానికి మరో 90 రోజులు. పరిశీలన ఖర్చును బాధ్యుల నుంచి రాబట్టుకోవచ్చు, బాధ్యులు దొరకని అనాథ స్థలాల భారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. కాగితం మీద లోటు పెద్దగా లేదు. కానీ ఈ గడియారం మొత్తం మొదటి జాబితాతోనే మొదలవుతుంది. గ్రామ పంచాయతీ దగ్గర మట్టి నమూనా తీసే ఆగర్ లేదు, భూగర్భజల నిపుణుడు లేడు, బడ్జెట్‌లో ఆ పద్దు లేదు. జాబితా పోకపోతే 90 రోజుల లెక్కే మొదలవదు. ఈ నిబంధనలు వచ్చే నాటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, శుభ్రత పని మొదలైనవి ఏడు.

ఇంకో చోట నష్టం మరీ సూటిగా ఉంది. అప్పుల్లో మునిగిన కంపెనీ దివాలా చట్టం కింద లిక్విడేషన్‌కు (ఆస్తులమ్మి అప్పులు తీర్చే దశకు) వెళ్తే, అప్పిచ్చినవారు తమ క్లెయిమ్‌లు దాఖలు చేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది. బ్యాంకు తన అంకె పట్టుకుని మొదటి రోజే వస్తుంది. నేల తరఫున, పక్క ఊరి బోర్ల తరఫున క్లెయిమ్ వేయాల్సిన ప్రభుత్వం చేతిలో అంకె ఉండదు, ఎందుకంటే పరీక్షే జరగలేదు. ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగా వేలం వేస్తారు, డబ్బు పంచేస్తారు, కంపెనీ రద్దయిపోతుంది. అప్పటిదాకా బాధ్యుడు ఉన్న స్థలం ఆ రోజుతో అనాథ అవుతుంది, భారం ఖజానా మీద పడుతుంది. సకాలంలో పరీక్షకు పెట్టే డబ్బు ఖర్చు కాదని, బాకీ రాబట్టుకునే సాధనమని ఆర్థిక శాఖ గుర్తించాలని కోరుతున్నాం.

పని ఎలా జరగాలో, ఎక్కడ చెడుతుందో ఇప్పుడు రాస్తున్నాం. నిధి మంజూరైనా పని తీరు చెడితే చేతికొచ్చేది పనికిరాని రిపోర్టే.

అన్నిటికంటే ముందు జేసీబీని ఆపాలి. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు జరిగిన నష్టానికి సాటివచ్చే నష్టం, తుక్కు కాంట్రాక్టరు లోపల ఉన్న కొద్ది వారాల్లో జరిగిపోవచ్చు. రియాక్టర్లు, ట్యాంకులు గ్యాస్ కటర్‌తో కోసేటప్పుడు అడుగున మిగిలింది నేల మీద పారబోస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఒంపేస్తారు. ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) గుంతల్లోని బురదను తీసి పల్లానికి మెరకగా పోస్తారు. చివరికి చదును చేస్తే ఒక మూల పది గజాల్లో ఉన్న విషం పది ఎకరాలకు పలుచగా పరుచుకుంటుంది. అప్పుడు ఏ మూల తవ్వినా కొంత దొరుకుతుంది, ఎత్తి పారేయడానికి మాత్రం వీలుండదు. కాబట్టి వేలం షరతుల్లోనే కాగితాల పరిశీలన పూర్తయ్యేదాకా కూల్చివేత, చదును కూడదని రాయాలి. లోపల మిగిలిన డ్రమ్ములను లెక్కించి, లేబుల్ వేసి, పైకప్పు కిందికి చేర్చి, దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి మానిఫెస్ట్ (రవాణా పత్రం)తో పంపాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ ఆవరణలో వ్యర్థాలను మామూలుగా 90 రోజులకు మించి ఉంచకూడదు. మూతబడిన చోట అవి ఏళ్ల తరబడి తుప్పు పడుతుంటాయి. మృగశిర వానలకు ముందే ఈ పని కావాలి.

రెండోది కాగితాల పరిశీలన. ఇది చవక, దీన్ని దాటవేస్తే తర్వాతి ఖర్చంతా గుడ్డిగా పోతుంది. కాలుష్య మండలి ఇచ్చిన అనుమతి పత్రాల్లో ఏ ఉత్పత్తి, ఏ ముడిసరుకు, రోజుకు ఎన్ని కిలోలీటర్ల వ్యర్థజలం అన్నది ఉంటుంది. ఏటా జూన్ 30లోపు కంపెనీ దాఖలు చేయాల్సిన ప్రమాదకర వ్యర్థాల వార్షిక నివేదిక, ఫారం 4లో ఎంత వ్యర్థం పుట్టింది, ఎంత బయటికి పోయింది అన్న లెక్క ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తే, లెక్కకు రాని వ్యర్థం ఎంతో తేలుతుంది. ఆ తేడా ఆవరణలోనే ఎక్కడో ఉందని అనుకోవాలి. ఫ్యాక్టరీల శాఖ దగ్గరి లేఅవుట్, పాత ఉపగ్రహ చిత్రాలు కలిపి చూస్తే ఇప్పుడు పూడ్చేసిన ఆవిరి కుంటలు, డ్రమ్ముల యార్డు ఎక్కడుండేవో కనబడతాయి. అక్కడ పనిచేసిన కార్మికులను, వాచ్‌మెన్‌ను, పక్క పొలం రైతును విడివిడిగా అడగాలి. ఎండిపోయిన బోర్లు ఎన్ని ఉన్నాయో, వాటి మూతలు ఎలా ఉన్నాయో తప్పక చూడాలి. ఎండిన బోరులోకి పైపు దిగి ఉంటే మట్టి పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చినా నమ్మకూడదు.

ఇక మట్టి. పది ఎకరాలంటే సుమారు 40,470 చదరపు మీటర్లు. 40 మీటర్ల గడులు గీస్తే 25 చోట్ల నమూనా తీయాలి. అది చాలనిపిస్తుంది. కానీ ఆ గడులకు నూటికి 95 పాళ్ల నమ్మకంతో చిక్కేది సుమారు 47 మీటర్ల వెడల్పున్న మరక మాత్రమే. డ్రమ్ములు పాతిన 6 మీటర్ల గుంత ఆ గడుల్లో తగిలే అవకాశం నూటికి రెండు కూడా లేదు. అందుకే కాగితాల పరిశీలనలో తేలిన అనుమానపు చోట్ల విడిగా మరో 15 నమూనా బిందువులు కావాలి. ప్రతిచోటా మూడు లోతుల్లో తీయాలి: పైపొర 15 సెంటీమీటర్లు, అర మీటరు, మొరం మొదలయ్యే చోటు. పైపొర పిల్లలు ఆడుకునే మన్ను, దాని లెక్క వేరు. లోపలి పొర నీటికి దారి, దాని లెక్క వేరు. రెంటినీ కలిపి సగటు తీస్తే ఏదీ తెలియదు.

కలపడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ల్యాబు ఖర్చు తగ్గుతుందని ఐదు చోట్ల మట్టిని కలిపి ఒక నమూనా చేస్తారు. ఒకచోట కిలోకు 1000 మిల్లీగ్రాముల సీసం ఉండి, మిగతా నాలుగు చోట్ల 20 చొప్పున ఉంటే, కలిపిన నమూనా 216 చూపిస్తుంది. కెనడా ప్రమాణాల్లో సీసానికి నివాస స్థలంలో 140, వాణిజ్య స్థలంలో 260, పారిశ్రామిక స్థలంలో 600 హద్దులు. గోదాము కట్టుకోవచ్చని రిపోర్టు వస్తుంది, ఆ 1000 ఉన్న మూల ఎవరికీ కనబడదు. కలిపిన నమూనాలను ఒప్పుకోబోమని టెండరులోనే రాయండి.

ద్రావకాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. టోల్యూన్, డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ వంటివి వాడిన మందుల ఫ్యాక్టరీ నేలలో మట్టిని పాలిథిన్ సంచిలో వేసి పంపితే, ల్యాబు చేరేసరికి అవి గాలిలో కలిసిపోతాయి. నీటి నమూనాను 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో, టెఫ్లాన్ మూతతో, లోపల గాలి బుడగ లేకుండా నింపి, ఆమ్లం చేర్చి, 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 14 రోజులు ఆగుతుంది. మట్టిని అక్కడికక్కడే మిథనాల్‌లో వేయాలి. లోహాల కోసం తీసిన నీటిని 0.45 మైక్రాన్ల వడపోతతో వడగట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే దిగువకు తెస్తే ఆరు నెలలు నిలుస్తుంది. క్రోమియంలో ప్రమాదకరమైన రకమైన ఆరు వేలెన్సీ క్రోమియం నమూనాను స్థిరపరచకపోతే 24 గంటల్లోనే పరీక్షించాలి. ఇవి పాటించని నమూనాలో "కనబడలేదు" అని రాసిన ప్రతి గడీ అబద్ధమే కావచ్చు.

భూగర్భజలం దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ గ్రానైటు, నీసు (gneiss) అనే గట్టి రాళ్లు. పైన కొన్ని మీటర్ల మొరుసు పొర, కింద పగుళ్లు. నీళ్లు ఇసుక నేలలోలా సమానంగా నడవవు, పగులు ఎటుంటే అటు పోతాయి. డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్ నీటికంటే బరువు, పగులు దొరికితే కిందికే దిగుతాయి. టోల్యూన్ నీటిపై తేలుతుంది. కాబట్టి పైనా కిందా రెండు మట్టాల్లో చూడాలి. మామూలు రిగ్గును పిలిచి ఆరున్నర ఇంచుల బోరు వేయించి, పైన కొద్దిపాటి కేసింగ్ దింపి నమూనా తీస్తే మొదటికే మోసం. పై పొరలోని విషం ఆ బోరు గుండానే లోతు పగుళ్లలోకి జారుతుంది, పరీక్ష కోసం వేసిన బోరే కాలుష్యానికి దారవుతుంది. కేసింగ్‌ను గట్టి రాతిదాకా దించి, చుట్టూ సిమెంటు పోసి బిగించాలి. మొరుసు పొరలో విడిగా తక్కువ లోతు బావి వేసి, గాట్ల పైపు, చుట్టూ గులకరాళ్లు, పైన బెంటొనైట్ మట్టితో మూత పెట్టాలి.

నీటి వాలు తెలియాలంటే త్రిభుజంగా కనీసం మూడు బావులు కావాలి. మా లెక్కలో పది ఎకరాలకు ఐదు: ఎగువన ఒకటి, అనుమానపు చోట ఒకటి, దిగువన మూడు. అన్నిటి మట్టం ఒకే రోజు కొలవాలి, కేసింగ్ అంచులను లెవెలింగ్ పరికరంతో సరిచూడాలి. చదును నేలలో కొన్ని సెంటీమీటర్ల పొరపాటు చాలు, ఎగువ దిగువలు తారుమారు కావడానికి. పైగా యాసంగిలో చుట్టూ వరికి మోటార్లు నడిచేటప్పుడు నీళ్లు ఆ బోర్ల వైపు మళ్లుతాయి. అందుకే మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి తప్పనిసరి. నమూనా ముందు బావిలో నిలిచిన నీటిని మూడింతలు తోడేయాలి. 100 మిల్లీమీటర్ల బావిలో 10 మీటర్ల నీరుంటే సుమారు 79 లీటర్లు, తోడాల్సింది సుమారు 235 లీటర్లు. ఆ నీటిని డ్రమ్ములో పట్టాలి, పక్క పొలంలోకి వదలొద్దు.

ఫ్లోరైడ్ సంగతి నల్లగొండకు చెప్పనక్కరలేదు. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు. ఇక్కడి గ్రానైటులోంచి సహజంగానే ఫ్లోరైడ్ నీటిలోకి వస్తుంది, తాగునీటి గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లు ఏ ఫ్యాక్టరీ లేని ఊళ్లలోనూ ఉన్నాయి. పెద్దవూర వైపు లంబాపూర్, పెద్దగట్టు రాళ్లలో యురేనియం ఉంది. ఈ నేల నేపథ్యాన్ని కొలవకుండా ఫ్యాక్టరీ లోపలి అంకె మాత్రమే చూపిస్తే రెండు వైపులా అన్యాయం జరుగుతుంది. కంపెనీ తరఫు వకీలు "అది మీ జిల్లా రాయిలోదే" అంటాడు, మనం కాదనలేం. లేదా సహజంగా ఉన్నదానికి ఎవరినో బాధ్యులను చేస్తాం. అదే రాయి, అదే రకం నేల ఉండి ఫ్యాక్టరీ ప్రభావం లేని ఆరు చోట్ల నేపథ్య నమూనాలు తప్పనిసరి. రేగడితో రేగడినే పోల్చాలి, చల్కాతో చల్కానే. రేగడి లోహాలను పట్టి ఉంచుతుంది, ఎండాకాలం నెర్రెలు బారినప్పుడు మాత్రం వాటి గుండా కిందికి వదిలేస్తుంది. చల్కా దేన్నీ ఎక్కువసేపు ఆపదు.

ల్యాబు గురించి రెండు మాటలు. ల్యాబులకు ప్రమాణం ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందంటే సరిపోదు, ఆ గుర్తింపు మట్టిలో ఆ రసాయనానికి ఉందో లేదో అనుబంధ పట్టికలో చూడాలి. నీటికి గుర్తింపు ఉండి మట్టికి లేని ల్యాబులు ఉంటాయి. పీహెచ్, కరిగిన లవణాలు, సీఓడీ (నీటి కాలుష్యానికి స్థూల కొలత) మాత్రమే చూసిన రిపోర్టుతో ద్రావకాలు తెలియవు. వ్యర్థంలోంచి విషం ఎంత ఊరుతుందో చూసే టీసీఎల్‌పీ పరీక్ష ఫలితాన్ని నేల భద్రతకు రుజువుగా చూపడం మరో తప్పు. వ్యర్థం ప్రమాదకర కోవలోకి వస్తుందా లేదా అని తేల్చడానికి ఆ పరీక్ష, ఆ నేల మీద మనుషులు ఉండొచ్చా అని చెప్పడానికి కాదు.

లెక్క కడితే పది ఎకరాలకు 40 చోట్ల మూడేసి లోతులు, 120 మట్టి నమూనాలు. ఆరు నేపథ్య స్థలాల్లో రెండేసి, 12. ఆవరణలోని 120లో పదింటికి ఒకటి చొప్పున, సరిచూసుకోవడానికి అదే చోట తీసే జంట నమూనాలు మరో 12. మొత్తం 144. ఎక్స్ కిరణాలతో లోహాలను గుర్తించే, చేతిలో పట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో అక్కడికక్కడే లోహాలను చూసుకుంటే అన్నింటినీ ల్యాబుకు పంపనక్కరలేదు. తడి మట్టిలో ఆ యంత్రం తక్కువ చూపిస్తుంది, క్రోమియంలో ప్రమాదకరమైన రకమేదో విడదీయలేదు, కాబట్టి అది ఏరుకోవడానికే గానీ తీర్పుకు కాదు. బావుల నీరు రెండు కాలాలకు 10 నమూనాలు, చుట్టూ కిలోమీటరులోని ఊరి బోర్లు అదనం. టెండరును ఎకరాకు ఇంత అని పిలవొద్దు. అలా పిలిస్తే తక్కువకు కోట్ చేసినవాడు నమూనాలు తగ్గించి లాభం చూసుకుంటాడు. నమూనాకు ఇంత, బావి మీటరుకు ఇంత అని విడి ధరలు అడగండి, సాంకేతిక అర్హతకు మార్కులు వేసి ఎంచండి. నమూనాలు తీసే రోజు తహశీల్దారు కార్యాలయం నుంచి ఒకరు, ఊరి నుంచి ఇద్దరు అక్కడుండాలి, సీసా చేతులు మారినప్పుడల్లా సంతకం పడాలి.

డబ్బు ఎక్కడిదంటే, దారులున్నాయి. 2025 నవంబరులో రాష్ట్రం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల, ఆనుకుని ఉన్న 9 వేల ఎకరాలకు పైగా పారిశ్రామిక భూమిని ఇతర అవసరాలకు మార్చుకునే విధానం తెచ్చింది. అందులో కాటేదాన్ ఉంది. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు ఎక్కువగా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో ప్రచురించారు, అక్కడి నూర్ మహమ్మద్ కుంట ప్రపంచ బ్యాంకు కాలుష్య ప్రాజెక్టులో చోటు సంపాదించుకుంది. అక్కడినుంచి కదిలే యూనిట్లు వచ్చేది మన వైపే. ఆ మార్పిడి రుసుములో ఒక వాటాను నేల పరీక్షల నిధికి కేటాయించడం న్యాయం. దామరచర్ల, మఠంపల్లి, మేళ్లచెరువు వంటి సున్నపురాయి మండలాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంది, కాలుష్య నియంత్రణ ఆ నిధికి ప్రాధాన్య రంగమే. గనుల ప్రభావిత ప్రాంతాల వరకే అది వర్తిస్తుంది, జడ్చర్లకు పనికిరాదు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకోవచ్చు, కానీ తాను పాడు చేసిన నేల పరీక్షనే ఒక కంపెనీ సేవగా చూపించుకోవడానికి ఒప్పుకోకండి.

అమెరికాలో 1995లో మొదలైన బ్రౌన్‌ఫీల్డ్స్ (పాడుబడ్డ పారిశ్రామిక స్థలాల) కార్యక్రమంలో నేల పరిశీలనకు ఒక గ్రాంటు, శుభ్రతకు వేరే గ్రాంటు. కాలుష్యానికి కారకులైన వారికి ఆ స్థలం మీద గ్రాంటు దొరకదు. 2021 మౌలిక సదుపాయాల చట్టంలో ఆ కార్యక్రమానికి 150 కోట్ల డాలర్లు కేటాయించారు. మనకు అంత అక్కరలేదు. ఆ విభజన మాత్రం కావాలి. పరిశీలనకు, శుభ్రతకు ఒకే పద్దు ఉంటే పెద్ద ఖర్చు చూసి భయపడి చిన్న ఖర్చు కూడా ఆగిపోతుంది.

పరీక్ష అయ్యాక భూమి అంతా పనికిరాదని తేలుతుందన్న భయం ఉంది. పరీక్ష చేస్తే పది ఎకరాల్లో ఏ ఎకరం చెడ్డదో, ఏవి మంచివో విడివడతాయి. పైపొరలో లోహాలే ఉంటే కాంక్రీటు పరిచి గోదాము కట్టొచ్చు. ద్రావకాలుంటే గోదాము కూడా తొందరపడి కట్టకూడదు, నేలలోంచి ఆవిరి గదుల్లోకి వస్తుంది, ముందు ఆ ఆవిరిని కొలవాలి. ఏ వాడకానికి సరిపోతుందో, దేనికి సరిపోదో ఆ సర్వే నంబరు మీద భూభారతి రికార్డులో నమోదు కావాలి. గోదాముకు సరేనన్న చోట పదేళ్ల తర్వాత ప్లాట్లు చేసి అమ్మకుండా అదొక్కటే అడ్డు. పెట్టిన పరీక్ష ఖర్చు కూడా ఆ సర్వే నంబరు మీద బాకీగా ఎక్కాలి, రిజిస్ట్రేషన్‌కు ముందే వసూలు కావాలి. రిపోర్టు తెలుగులో, పటంతో సహా గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. ఆ నీళ్లు తాగేది, ఆ మట్టి తొక్కేది ఆ ఊరివాళ్లే.

ఈ నెలలో ఒక్క పని మొదలుపెట్టండి. ప్రతి మండలంలో మూడేళ్లకు పైగా మూతబడి ఉన్న రసాయన, మందుల, సీసం కరిగించే, లోహపు పూత, బ్యాటరీ, స్పాంజ్ ఐరన్ యూనిట్ల పేర్లు, సర్వే నంబర్లు, ప్రస్తుత యజమాని లేదా లిక్విడేటరు, లోపల డ్రమ్ములు ఉన్నాయా లేదా, కిలోమీటరులో తాగునీటి బోర్లు ఎన్ని అన్న ఐదు గడుల పట్టిక తెప్పించండి. తహశీల్దారు, పంచాయతీ కార్యదర్శి, పర్యావరణ ఇంజనీరు కలిసి కూర్చుంటే రెండు వారాల పని. డ్రమ్ములున్నవి, దగ్గర్లో తాగునీటి బోర్లున్నవి, లిక్విడేషన్‌లో ఉన్నవి పైకి తీసి, వాటి కాగితాల పరిశీలన మొదలుపెట్టండి. పట్టిక నమూనా, మట్టి నమూనాల పద్ధతి, టెండరు షరతుల చిత్తుప్రతి రాసి ఇవ్వడానికి, పంచాయతీ కార్యదర్శులకు ఒక రోజు శిక్షణ ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. దీనికి రుసుము అక్కరలేదు.

ఇట్లు,
నేల, నీటి పరీక్షల రంగంలో పనిచేస్తున్న రసాయన శాస్త్ర, భూగర్భజల, సివిల్ ఇంజనీరింగ్ వృత్తిదారులం
నల్లగొండ, మహబూబ్‌నగర్